పాడినవాళ్ల పేర్లేవి?

సంపాదక మహాశయులకు,

కోనసీమ మీద తీసిన ప్రయోగాత్మక డాక్యుమెంటరీ గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన సమీక్ష చదివాను. అంతకు ముందే అమలాపురంలో ఆ చిత్రం చూసి ఉన్నాను. ‘డెల్టాలోని అన్ని వర్గాలకూ చోటు దక్కింది’ అని మీ సమీక్షకులు కితాబిచ్చారు. రైతులు, మత్స్యకారులు, వేదపండితులు, కొబ్బరి కార్మికులు అంటూ జాబితా కూడా ఇచ్చారు. అందరూ కనిపించిన మాట నిజమే. ఎలా కనిపించారన్న దగ్గరే నా పేచీ.

నాట్ల దృశ్యాన్నే తీసుకోండి. చిత్రం మొత్తంలో పొడవైనది అదే, అందమైనదీ అదే. దమ్ము చేసిన చేలో మబ్బుల నీడ, వరుసగా వంగిన ఆడవాళ్లు, బురదలో నారు గుచ్చే చేతులు. వాళ్ల పాట ఆ చేను దాటిపోయాక కూడా కాలువ గట్ల మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ దాకా వినిపిస్తూనే ఉంటుంది. అంతసేపట్లో వాళ్లలో ఒక్కరి ముఖమూ తిన్నగా కనబడదు. గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడిన ఆసామి ముఖం మాత్రం నిండుగా కనబడుతుంది. ఆయన పేరు, పక్కన ‘రైతు’ అన్న మాట తెర మీద పడతాయి. గోదావరి జిల్లాల్లో సాగులో పెద్ద భాగం కౌలుదార్లదేనని ఇక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. ఆయన ఆ చేలో కాలుపెట్టి ఎన్నేళ్లయిందో చిత్ర బృందం అడిగిందో లేదో!

చివర పేర్లు పడేటప్పుడు డ్రోన్ నడిపిన కుర్రాడి పేరుంది, భోజనాలు పంపిన హోటల్ పేరుంది. పాటకు మాత్రం ‘జానపదం’ అని ఒక్క ముక్క. పాడినవాళ్లు కెమెరా ముందే ఉండగా అంతటితో సరిపెట్టడమేమిటి? 1847–52 మధ్య ఆనకట్టకు మట్టి మోసినవాళ్ల పేర్లు పోయాయి, కాటన్ దొర విగ్రహాలు మిగిలాయి. అది దొరల కాలం అనుకుందాం. ఇప్పుడు పదిమంది పేర్లు అడిగి రాసుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

మత్స్యకారుల సంగతి ఇంకా విచిత్రం. వేదపఠనానికి అర్థాన్ని తెర కింద అక్షరాల్లో వేశారు. అంతర్వేది దగ్గర పడవలో సాగే మాటలను కెరటాల హోరులో కలిపేశారు. చెవి ఒగ్గి వింటే డీజిలు ధర, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం, ఆ రోజుల్లో అందాల్సిన భృతి గురించి అని తెలిసింది. శ్లోకానికి దొరికిన రెండు వరుసల అక్షరాలు ఆ మాటలకు దొరకలేదు.

ప్రయోగాత్మక చిత్రం జనాభా లెక్క కాదని కొందరంటారు. ఒప్పుకుంటాను. కులానికొకరు, వృత్తికొకరు చొప్పున నింపితే అది సర్కారు ప్రచార చిత్రమవుతుంది. వ్యాఖ్యానమే లేదు కాబట్టి పక్షపాతమూ లేదంటే మాత్రం ఒప్పుకోను. ఎవరి ముఖం ఉంచాలో, ఎవరి గొంతు తగ్గించాలో ఎడిటింగ్‌లో ఎవరో ఒకరు కూర్చుని తేల్చిందే కదా. ఇదే చిత్రంలో దింపు కార్మికుడి నడుముకు కెమెరా కట్టి, కొబ్బరిచెట్టు మొవ్వు దగ్గర నుంచి ఊరంతా చూపించారు. అక్కడ మనం అతని కళ్లతో చూస్తాం, మట్ట ఊగినప్పుడల్లా మన కాళ్లూ వణుకుతాయి. చేతనైనవాళ్లే, నాట్ల దగ్గర ఆ పని చేయలేదు.

1960 వేసవిలో పారిస్‌లో ఫ్రెంచి దర్శకుడు జాఁ రూష్, సామాజికశాస్త్రవేత్త ఎడ్గార్ మోరిన్ కలిసి ఒక డాక్యుమెంటరీ తీశారు. అందులో కనిపించినవాళ్లకే దాన్ని వేసి చూపించి, వాళ్ల మెప్పులనూ విమర్శలనూ కూడా చిత్రంలో చేర్చారు. మన బృందానికి అది తెలియదనుకోను.

ఈ చిత్రాన్ని కాకినాడ, రాజమహేంద్రవరం కళాశాలల్లో ప్రదర్శిస్తారని విన్నాను. అంతకన్నా ముందు, నాట్ల దృశ్యం తీసిన ఊళ్లో పంచాయతీ గోడ మీదైనా ఒక రాత్రి వేయమని చిత్ర బృందాన్ని కోరుతున్నాను. నాట్లు ముగిసి ఆడవాళ్లకు కాస్త తీరిక దొరికే రోజు చూసి వేయాలి. వాళ్ల పేర్లు అడిగి చివర చేర్చడం పెద్ద ఖర్చేమీ కాదు. ఆ రాత్రి మీ సమీక్షకులను కూడా పంపితే, చోటు దక్కిందో లేదో వాళ్లనే అడిగి రాయవచ్చు.

— ఒక పాఠకురాలు, అమలాపురం