ఇరవై రెండు మందితో సెకండ్ షో

ఒరేయ్ ఇంటర్వెల్,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోపం తెచ్చుకోకు. పదో తరగతి మూల్యాంకనానికి రోజూ భీమవరం వెళ్ళి రావడం, ఆ వెంటనే మా మరదలి పెళ్ళి పనులు, మధ్యలో అమ్మకు మోకాలి నొప్పి తిరగబెట్టడం, అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. అమ్మ ఇప్పుడు బాగానే నడుస్తోంది. చిన్నదానికి పాలపళ్ళు ఊడుతున్నాయి. మీ చెల్లెమ్మ నిన్ను అడిగానని చెప్పమంది. ఇంటి సంగతులు ఇంతే. ఇక అసలు విషయానికి వస్తాను. అది నీకు చెప్పేదాకా నాకు స్థిమితం లేదు.

డెబ్బై అయిదు అంగుళాల టీవీ కొన్నాననీ, గోడ నిండా బొమ్మ కనిపిస్తోందనీ, ఇక సినిమా హాలుతో నీకు పని తీరిపోయిందనీ రాశావు. ఆ మాట చదివిన వారంలోనే జరిగిందిది. అందుకే నీకే రాయాలి. ఇంకెవరికి చెప్పినా నాకు తృప్తి ఉండదు.

మన టాకీసులో ఒక చిన్న సినిమా వేశారు. అంతా కొత్తవాళ్ళే, పేరు చెప్పినా నీకు తెలియదు. మంగళవారం రాత్రి భోజనాలు ముగించి నేనూ మీ చెల్లెమ్మా సెకండ్ షోకి వెళ్ళాం. బయట ఒక్క స్కూటరు, రెండు సైకిళ్ళు. పోస్టరు మీద జిగురు ఇంకా ఆరలేదు. బుకింగ్ దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, కిటికీ వెనక ఎవరనుకున్నావు? మన టార్చి బాబాయి! నాలుగో వరుసలో నీ గొడుగు విచ్చుకున్న రోజు నీ ముఖం మీద లైటు వేసిన మనిషే. జుట్టు పూర్తిగా నెరిసింది, గొంతు మాత్రం అదే. టికెట్లు అమ్మేది ఆయనే, గేటు దగ్గర చింపేది ఆయనే, ఇంటర్వెల్‌లో సమోసాల బల్ల దగ్గర నిలబడేదీ ఆయనే. నన్ను చూడగానే మొదట అడిగింది, "గొడుగు కుర్రాడు ఎలా ఉన్నాడు? అమెరికాలోనే ఉన్నాడా?" అని.

టికెట్లు ఇవ్వలేదురా. "కాసేపు ఆగండి మాస్టారూ, మీతో కలిపి తొమ్మిది మంది. పాతికైనా తెగకపోతే ఆట వెయ్యొద్దని ఓనరు గారి మాట. డబ్బు తీసుకుని మళ్ళీ తిరిగివ్వడం నాకు ఇష్టం ఉండదు," అన్నాడు.

నాకు ఒక్కసారిగా ఏదోలా అయిపోయింది. మనం తొక్కిసలాటలో చొక్కా గుండీలు పోగొట్టుకున్న కిటికీ అది. చేతులు మాత్రమే లోపలికి వెళ్ళేంత కన్నం, ఇనుప కమ్మీల మధ్య ఇరుకు వరుస, వెనక నుంచి నెట్టుడు. ఆ కమ్మీలు ఇంకా ఉన్నాయి, మన చేతులు రాసుకుని నునుపెక్కిన చోటు కూడా అలాగే ఉంది.

ఆట మొదలవడానికి ఇంకా సమయం ఉందని బాబాయి నన్ను పైన క్యాబిన్‌కి తీసుకువెళ్ళాడు. చిన్నప్పుడు ఆ తలుపు దాటాలని ఎంత తపించామో నీకు గుర్తుందా? రీలు పెట్టెలు లేవు, కార్బన్ కడ్డీల వాసన లేదు. ఇప్పుడు సినిమా హార్డ్ డిస్కులోనో ఉపగ్రహం మీదుగానో వస్తుంది. దాన్ని తెరిచే తాళం విడిగా పంపుతారు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఆడించవచ్చో ఆ తాళంలోనే రాసి ఉంటుంది. గడువు దాటాక ఎన్ని మీటలు నొక్కినా తెర మీద బొమ్మ పడదు. ప్రొజెక్టరు పక్కన లాంపు ఎన్ని గంటలు వెలిగిందో చూపించే అంకెలు ఉన్నాయి. బాబాయి వాటి మీద వేలు పెట్టి చూపించాడు. "హాలు నిండినా, తొమ్మిది మందే ఉన్నా దీని ఆయుష్షు ఒకేలా కరుగుతుంది బాబూ." ఎనభై రూపాయల టికెట్లు తొమ్మిది తెగితే ఏడు వందల ఇరవై. అందులో పన్ను, పంపిణీదారు వాటా పోగా మిగిలేది ఏసీ కరెంటుకే చాలదట. నూరు రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా అన్నాను. "తగ్గింది, మంచిదే. తెగని టికెట్ మీద ఎంత తగ్గితే ఏముంది?" అన్నాడు.

కిందికి దిగేసరికి మీ చెల్లెమ్మ కొంగు బిగించి నిలబడి ఉంది. "పదహారు మందే కదా కావాలి, పిలుచుకువద్దాం పదండి," అంది. నేను ముందు తటపటాయించాను. తను అప్పటికే రోడ్డు దాటేసింది.

అలా బయలుదేరాం రా, రాత్రి తొమ్మిది దాటాక, సినిమాకు మనుషుల్ని పిలవడానికి! మాతోపాటు టికెట్టు కోసం ఆగిన పాలిటెక్నిక్ కుర్రాళ్ళు ముగ్గురూ వచ్చారు. ఆటో స్టాండులో అందరూ ఒకే ఫోను మీదికి వంగి ఐపీఎల్ చూస్తున్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. మందుల షాపాయన షట్టరు దించుతూ విన్నాడు. ఇంట్లో చెప్పి వస్తానని వెళ్ళి నిజంగానే భార్యను వెంటబెట్టుకు వచ్చాడు. బిర్యానీ హోటలు కుర్రాళ్ళు అప్పుడే గిన్నెలు కడిగి చేతులు తుడుచుకుంటున్నారు. వాళ్ళలో ఒకడు, బాగా చురుకైనవాడు, "నాలుగు వారాలు ఆగితే ఫోనులోకే వచ్చేస్తుంది కదండీ మాస్టారూ, దీనికి విడిగా ఖర్చెందుకండీ?" అన్నాడు.

చూడు, నీ ప్రశ్నే! అక్కడ డాలస్‌లో నువ్వు అడిగినదీ, ఇక్కడ గిన్నెలు కడిగే కుర్రాడు అడిగినదీ ఒకటే.

"వస్తుంది. కాని ఫోనులో అయితే నువ్వొక్కడివే చూస్తావు. ఇవాళ చూస్తే మేమందరం ఉంటాం," అన్నాను. వాడు కాసేపు ఆలోచించి "ఏసీ వేస్తారా?" అన్నాడు. వేస్తారన్నాను. ఎనిమిది మంది వచ్చారు. పూలకొట్టు అక్క అయితే అడగగానే బుట్ట మూసేసింది. "హాల్లో సినిమా చూసి ఎన్నేళ్ళయిందో అయ్యా, మా అత్తగారు ఉన్నప్పుడు చూశాను," అంటూ ఇద్దరు ఆడపిల్లల్నీ, అమ్ముడుపోని మల్లెదండల్నీ వెంట తెచ్చుకుంది.

లెక్కపెడితే మొత్తం ఇరవై రెండు మంది తేలారు. బాబాయి ఓనరు గారికి ఫోను చెయ్యలేదు. ఒకసారి అందర్నీ పరికించి చూసి, టికెట్ల కట్ట తీసి చింపడం మొదలుపెట్టాడు. "లెక్క చాల్లే, పదండి లోపలికి," అన్నాడు. ఆ మాటకు పాలిటెక్నిక్ కుర్రాళ్ళు వేసిన ఈల ఉంది చూశావూ, పండగ సినిమా మొదటి ఆటకు కూడా నేను అలాంటిది వినలేదు.

ఇంత పెద్ద హాల్లో ఇరవై రెండు మంది అంటే మొదట అందరూ ఎవరికి వారు విడివిడిగా కూర్చున్నారు. మల్లెల వాసన మాత్రం హాలంతా పాకింది. సినిమా మొదట్లో కాస్త సాగదీశారు, తరవాత పుంజుకుంది. ఒకచోట అత్తగారు కోడలి వంట మీద పెదవి విరుస్తుంది. పూలకొట్టు అక్క తెరకేసి చూస్తూ, "నువ్వు వండి చూపించమ్మా ముందు!" అంది గట్టిగా. హాలు హాలంతా పగలబడి నవ్వాం. మందుల షాపాయన భార్య కళ్ళు తుడుచుకుంది. దర్శకుడు అక్కడ నవ్వు ఉద్దేశించాడో లేదో నాకు తెలియదు. నీ గోడమీది టీవీలో ఆ సన్నివేశం వస్తుందిరా, ఆ నవ్వు రాదు. ఇంటర్వెల్ తరవాత చూస్తే, ఎవరూ చెప్పకుండానే అందరూ మధ్య వరుసల్లోకి మారి పక్కపక్కన కూర్చుని ఉన్నారు.

నేను ఓటీటీని తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. మోకాళ్ళ నొప్పితో అమ్మ మెట్లెక్కలేని రోజుల్లో దాని పుణ్యాన మలయాళం సినిమాలన్నీ చూసింది. 2020 మార్చిలో హాళ్ళు మూతపడ్డాక సెప్టెంబరు 5న ‘వి’ సినిమా నేరుగా ప్రైమ్‌లో వచ్చినప్పుడు, నువ్వక్కడ నేనిక్కడ ఒకేసారి మీట నొక్కి చూశాం కదా. అప్పుడు అదే మనకు దిక్కు. మరుసటి ఏడాది ‘నారప్ప’, ‘టక్ జగదీష్’ కూడా అదే దారిన వెళ్ళాయి. అప్పటి నుంచీ హాలు యజమానులు లోలోపల భయపడుతూనే ఉన్నారు. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి చర్చలకు కూర్చున్నప్పుడు, హాలుకూ ఓటీటీకీ మధ్య ఎన్ని వారాలు ఉండాలన్నదీ ఒక ముఖ్యమైన తగువే. పెద్ద సినిమాలకు ఎనిమిది వారాలన్నారు. ‘పుష్ప 2’ వాళ్ళు 56 రోజుల దాకా ఎక్కడా రాదని ముందే ప్రకటించి అలాగే నిలబడ్డారు. చిన్న సినిమాకు అంత గడువు ఎవరిస్తారు? నాలుగు వారాలు, ఒక్కోసారి అదీ లేదు. ఫలానా సినిమా బాగుందని నోటి మాట మన ఊరు చేరేలోపే అది ఫోనులోకి వచ్చేస్తోంది.

ఇంకొకటి ఉంది, అది నీకు తప్పక తెలియాలి. ఒకప్పుడు ఓటీటీ సంస్థలు సినిమా పూర్తికాకముందే పెద్ద మొత్తాలకు కొనేవి, ఆ డబ్బు చూసుకునే నిర్మాతలు బడ్జెట్లు వేసుకున్నారు. ఇప్పుడు చాలా సినిమాలకు హాల్లో ఎలా ఆడిందో చూసి మరీ ధర కడుతున్నారు. అంటే మంగళవారం రాత్రి మన టాకీసులో ఆట పడకపోతే, రేపు నీ టీవీలోకి వచ్చే అలాంటి సినిమా కూడా పుట్టదు. హాలు పోతే పోయింది, ఇంట్లో చూస్తాం అనడం అందుకే కుదరదు. ఈ రెండూ ఒకే చెరువు కింద ఉన్న పొలాలు.

పెద్ద తెరల గురించి నాకు భయం లేదు. సూళ్ళూరుపేటలో 106 అడుగుల వెడల్పు తెర ఉంది, మద్రాసు నుంచి కార్లు వేసుకుని వస్తారు. నువ్వొస్తే మనమూ వెళ్దాం. 2025 సంక్రాంతికి ‘సంక్రాంతికి వస్తున్నాం’ అంటూ కుటుంబాలకు కుటుంబాలు హాళ్ళకు కదిలాయి. పాత సినిమాలు మళ్ళీ వేస్తే కుర్రాళ్ళు కాగితాలు చల్లుతున్నారు. జనం రావడం మానలేదు, పండగలకే వస్తున్నారు. మిగతా రోజుల సంగతే నా బాధ. 2024 మేలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజుల పాటు వాటంతట అవే ఆటలు ఆపేశాయి. ఎన్నికలు, ఐపీఎల్, కొత్త పెద్ద సినిమా లేకపోవడం, అన్నీ కలిసి వచ్చాయి. మరుసటి ఏడాది మే నెలలో రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లూ, అంటే హాళ్ళు నడిపేవాళ్ళు, హాలుకు ఇంతని అద్దె ఇచ్చే పద్ధతి వద్దు, వసూళ్ళలో పర్సెంటేజీ కావాలి, లేకపోతే జూన్ 1 నుంచి మూసేస్తామన్నారు. బాబాయి మాటల్లో చెప్పాలంటే, "జనం విరగబడే మొదటి వారం మాకు అద్దె, ఖాళీ కుర్చీల రెండో వారం మాకు వాటా." ఈ లెక్క సరిచెయ్యాల్సినవాళ్ళు పెద్దవాళ్ళు. మంగళవారాలు మాత్రం మన చేతిలోనే ఉన్నాయని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మన టాకీసును గిడ్డంగికి ఇమ్మని ఎవరో అడుగుతున్నారట. ఓనరు గారు దసరా దాకా చూద్దామన్నారట. బాబాయి ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. అప్పటి నుంచీ నాకు కుదురు లేదు. మా స్కూల్లో టీచర్లతో మాట్లాడాను, వారంలో ఒక రాత్రి అందరం కుటుంబాలతో వెళ్దామని. లెక్కల మాస్టారు, నీకు తెలుసుగా, ‘మైనస్సుల మావయ్య’, ఆయనే ముందు చేయెత్తాడు! పూలకొట్టు అక్క తన వీధి వాళ్ళను తెస్తానంది. బిర్యానీ హోటలాయన సెకండ్ షో టికెట్ చూపిస్తే ధర తగ్గిస్తానన్నాడు. ఎంత తగ్గిస్తాడో ఇంకా తేలలేదు. ఆటో స్టాండు వాళ్ళ సంగతి ఐపీఎల్ అయ్యాక చూడాలి. మన బ్యాచ్ వాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉన్నారో జాబితా రాస్తున్నాను. నీ దగ్గర పాత గ్రూప్ ఫోటో ఉంది కదా, దాని వెనక పేర్లున్నాయి, అది...

తోడల్లుడి కారు వచ్చేసింది, హారను కొడుతున్నాడు. రేపు వాళ్ళు డాలస్ విమానం ఎక్కుతున్నారు, ఈ కాగితాలు అతని చేతికే ఇవ్వాలి. ఆవకాయ సీసా కూడా పంపుతున్నాను, మూతకు టేపు వేశాను, నిలబెట్టే ఉంచు. ఫోటో వెనక వైపు కూడా తీసి పంపు, రెండో వరుసలో చివరివాడి పేరు నాకు ఎంతకీ గుర్తు రావడం లేదు. ఇంకా చాలా ఉంది. ఆపేస్తున్నాను, మళ్ళీ కొడుతున్నాడు హారను.

నీ
నేల టికెట్