తూర్పు చెక్క వేరుశనగ సంగతి

చిరంజీవి లక్ష్మికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోను చేసి ఇరవై రెండు రోజులైంది. ఆ లెక్క మీ అమ్మది, నాది కాదు. శారదత్త కొడుకు మొన్న వచ్చి నువ్వు బాగా చిక్కిపోయావనీ, రాత్రి భోజనం మానేశావనీ చెప్పి వెళ్ళాడు. వాడి మాట నేను నమ్మలేదు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే.

అసలు రాయాలనుకున్నది తూర్పు చెక్క వేరుశనగ సంగతి. నెల తిరగకుండానే చేనంతా పాలిపోయింది. నత్రజని చాలలేదనుకుని యూరియా చల్లించాను. వెంకటప్ప మామ వద్దంటూనే ఉన్నాడు. వేరుశనగ వేళ్ళ బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుందని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పినవాడిని, నా చేనికొచ్చేసరికి మరిచాను. పది రోజులైనా మార్పు లేదు. అప్పుడు మామ గట్టు దిగి, ఒక మొక్క పీకి నా చేతిలో పెట్టాడు. ముదురాకులు బాగానే ఉన్నాయి. లేతాకులే పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. నత్రజని లోపమైతే మొక్క ముదురాకుల్లోది తీసి లేతాకులకు పంపుతుంది, కాబట్టి కింది ఆకులు ముందు పండుతాయి. ఇనుము అలా కదలదు. మన నేలలో ఇనుము లేక కాదు, సున్నం ఎక్కువై వేరుకు అందడం లేదు. ఇనుము అందకపోతే పత్రహరితం తయారుకాదు. అది లేనిదే ఎంత ఎండ కాసినా ఆకులో వంట సాగదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయించాను. ఇప్పుడు తేరుకుంది. మామకు ఆ మాట ఇంకా చెప్పలేదు.

మీ హాస్టల్లో అన్నీ పెడతారని తెలుసు. కానీ అన్నం తిన్న వెంటనే టీ తాగకు, తిన్న ఇనుము ఒంటికి పట్టదు. పప్పులో నిమ్మకాయ పిండుకో. ఆకు కూడా పగలు దాచుకున్న పిండిపదార్థంతోనే రాత్రి గడుపుతుంది. నువ్వు పగలు టీ మీద ఉండి, రాత్రి కూడా మానేస్తే... పాఠం చెప్పనని అమ్మకు మాటిచ్చాను, ఆపేస్తున్నాను. రక్తపరీక్ష మాత్రం చేయించుకుని హిమోగ్లోబిన్ ఎంతుందో రాయి. అంకె రాయి, 'బాగానే ఉంది' అని కాదు.

చిన్నోడి చేత నువ్వుండలు, కరివేపాకు పొడి పంపుతున్నాం. డబ్బా జాగ్రత్త, అది మీ నాయనమ్మది. ఈ ఆదివారం పొద్దున చేనికి వెళ్ళను, ఫోను దగ్గరే ఉంటాను.

నాన్న