కనుక్కున్నాడు అనే మాట మార్చండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీ క్విజ్‌లో ఆస్ట్రేలియాని కనుక్కున్నది ఎవరు అని అడిగి కింద జవాబు కెప్టెన్ కుక్ అని వేశారు. మా మనవరాలు ఏడో క్లాసు, అది చదివి అప్పటిదాకా అక్కడ మనుషులే లేరా తాతయ్యా అనింది, ఆ ప్రశ్న మీ దాకా తేవాలనిపించి రాస్తున్నా.

ఉన్నారండీ, కనీసం 50 వేల ఏళ్ళ నుంచి ఉన్నారు. యూరప్ వాళ్ళ లెక్కే తీసుకున్నా కుక్ మొదటోడు కాదు, విల్లెం యాన్స్‌జోన్ అనే డచ్ ఆయన 1606లోనే ఆ ఒడ్డున దిగాడు. కుక్ ఓడ 1770 ఏప్రిల్‌లో బోటనీ బేకి వచ్చినప్పుడు ఇద్దరు మనుషులు ఈటెలు పట్టుకుని అడ్డం నిలబడితే వాళ్ళ మీద తుపాకీ పేల్చి మరీ దిగారు. అక్కడి జనం ఒప్పుకుంటేనే స్వాధీనం చేసుకోమని బ్రిటన్ నేవీ పెద్దలు కుక్‌కి ఇచ్చిన రహస్య ఉత్తర్వుల్లో ఉంది, అయినా ఆగస్టు 22న ఒక చిన్న దీవి మీద జెండా ఎత్తి, తూర్పు తీరమంతా మూడో జార్జి రాజుదని చెప్పేసి గాల్లోకి తుపాకులు పేల్చారు, అంతే. ఎవర్నీ అడగలా. ఆ నేలకి సొంతదారులు లేరనే వాదన తప్పని అక్కడి పెద్ద కోర్టు, మాబో అనే మూలవాసి వేసిన కేసులో తేల్చేసరికి 1992 వచ్చింది.

కుక్ గొప్ప నావికుడే, ఆయన గీసిన మ్యాపులు మామూలు పని కాదు. కానీ అదే ఓడలో తుపాయా అని పసిఫిక్ దీవుల నావికుడు ఉన్నాడు, ఎన్నో దీవుల పేర్లు, అవి ఏ దిక్కున ఉన్నాయో నోటికి చెప్పి మ్యాపు తయారు చేయించాడు, ఆయన పేరు మాత్రం నేను ఏ క్విజ్‌లోనూ చూడలా.

మాకు దగ్గర్లోనే మోటుపల్లి ఉంది, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ మొన్నటిదాకా ప్రకాశమే. అక్కడ కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది, తుఫానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకుని వెనకటి రాజులు లాగేసుకునేవాళ్ళు, మేం మాత్రం సుంకం తప్ప ఇంకేం ముట్టుకోం అని అందులో మాటిచ్చాడు. దూరం నించి వచ్చే ఓడలోళ్ళకి ఒడ్డునున్న రాజు ఇచ్చిన మాట అది, మన పిల్లల్లో ఎంతమందికి తెలుసండీ, అది కూడా ఒక ప్రశ్నగా వేయండి.

కుక్ ప్రశ్న తీసెయ్యమని కాదు, ఆస్ట్రేలియా తూర్పు తీరాన్ని బ్రిటన్ రాజు పేరున రాసేసుకున్నది ఎవరు అని మార్చి వచ్చే వారం వేయండి, మా పాప ఆదివారం పేపర్ కోసం చూస్తా ఉంది.

ఇట్లు
ఒక పాఠకుడు, కొత్తపట్నం, ప్రకాశం జిల్లా