మీ బాక్సు కాలిపోయిందని కాదు, చెబితే వినే మనిషి లేడని ఈ ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి, ఆయన పైన ఇంకెవరన్నా ఉంటే వాళ్ళకు కూడా,

నేను కావలి నుంచి రాస్తున్నాను. మీ వెబ్‌సైట్లో కొన్న బ్యాటరీ ఫ్యూజు బాక్సు కాలిపోయింది. వస్తువన్నాక ఒక్కోసారి పాడవుతుంది, అది నాకూ తెలుసు. కానీ పాడైందని చెబితే ఇన్నాళ్ళలో మీవాళ్ళు ఒక్కరు కూడా చివరిదాకా వినలేదు. నా కోపమంతా దాని మీదే.

నాది చిన్న గూడ్సు బండి, నేనే తోలుకుంటాను. రొయ్య పిల్లను పొదిగించే హేచరీల నుంచి ఆ పిల్లను విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటలకు చేర్చడం నా బతుకుతెరువు. ఎండకు పిల్ల తట్టుకోదు కాబట్టి ఎక్కువగా రాత్రిళ్ళే తిరుగుతాం. అందుకని ముందు ఫాగ్ లైట్లు, వెనక సరుకు దించుకోవడానికి ఫ్లడ్ లైటు, పెద్ద హారను, క్యాబిన్లో ఫ్యాను, జీపీఎస్, ఫోన్ ఛార్జరు ఒకదాని తర్వాత ఒకటి పెట్టించుకుంటూ వచ్చాను. ఒక్కోటి ఒక్కో షాపులో పెట్టించాను, ప్రతివాడూ తన వైరు తెచ్చి బ్యాటరీ ప్లస్ బోల్టు మీదే బిగించి పోయాడు. వైరు చివర బోల్టుకు తగిలించే రింగులు, అదే లగ్గులు, ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి నట్టు పట్టడానికి మరలు కూడా మిగల్లేదు. గతుకుల్లో అది వదులవడం, చుట్టూ తెల్లగా పచ్చగా పొడి కట్టడం, పొద్దున్నే సెల్ఫ్ కొడితే టిక్కు టిక్కుమని ఆగిపోవడం, ఇదీ వరస.

నెల్లూరు ఆటోనగర్‌లో మా ఎలక్ట్రీషియన్ భాయ్ చూసి ఇట్లా ఉంటే ఏదో ఒక రోజు బండి తగలబడుతుందన్నాడు. బ్యాటరీ నుంచి ఒకటే లావు వైరు రావాలి, దానికి బ్యాటరీని ఆనుకునే ఒక మెయిన్ ఫ్యూజు ఉండాలి, అక్కడి నుంచి బాక్సుకు పోయి, బాక్సులో ఏ సామానుకు ఆ ఫ్యూజు పడాలి, ఎర్తులన్నీ ఒకచోట చేరాలి అని చెప్పాడు. ఫాగ్ లైట్లు రెండూ 55 వాట్లవి, 12 వోల్టుల మీద కలిపి 9 ఆంపియర్ల పైనే లాగుతాయి, వాటికి స్విచ్చు మీద బరువు పడకుండా కరెంటు నడిపే రిలే పెట్టి 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు వెయ్యాలని లెక్క కూడా కట్టి చూపించాడు. బాక్సు మీ కంపెనీదే తెప్పిద్దామన్నది నేను. నా హారను మీది, ఫాగ్ లైట్లు మీవి, రిలే వైరింగు మీది. మా స్టాండులో ఎవరు అడిగినా మీ పేరే చెప్పేవాణ్ణి, నా మాట మీద కొన్నవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు వాళ్ళకు నేను ఏం చెప్పాలి?

మీ బాక్సులో ఫ్యూజులు బాగానే ఉన్నాయి. మెయిన్ వైరు బిగించే బోల్టు చుట్టూ ప్లాస్టిక్కు మెత్తబడి బోల్టు పక్కకు ఒరిగింది, మూత లోపలివైపు గోధుమ రంగు మచ్చ పడింది, కాలిన వాసన. ఇది జరిగింది గుంట గట్టు మీద, రాత్రి, రొయ్య పిల్ల ఉన్న నీళ్ళ సంచులు దించుతుండగా. ఫ్లడ్ లైటు ఒక్కసారిగా ఆరిపోయింది. ఆ సంచులను కాసేపు గుంట నీళ్ళలో తేలనిచ్చి, లోపలి నీళ్ళు బయటి నీళ్ళు ఒకే వేడికి వచ్చాక గానీ పిల్లను వదలకూడదు. అదంతా సెల్‌ఫోన్ వెలుగులో చేశాం. రైతు నన్ను అన్న మాటలు ఇక్కడ రాయలేను, ఆయన తప్పు కూడా కాదు.

ఇక మీ కస్టమర్ కేర్ సంగతి. తెలుగు కోసం నంబరు నొక్కమంటారు, నొక్కితే హిందీలో మాట్లాడతారు. నాకు వచ్చిన హిందీలో బోల్టు దగ్గర ప్లాస్టిక్కు కరిగిందని చెబితే, ఆ అబ్బాయి ఫ్యూజు మార్చి చూడండి అన్నాడు. ఫ్యూజు పోలేదు బాబూ, ఫ్యూజుకు ముందరే కాలింది అని మళ్ళీ చెప్పాను. సరే సార్ అని, మళ్ళీ ఫ్యూజు మార్చి చూడండి అన్నాడు. ఫోటోలు పంపమన్నారు, పంపాను. మర్నాడు మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి అని మెసేజి వచ్చింది. ఏం పరిష్కరించారు? ఎవరు పరిష్కరించారు? నా బండి మా ఇంటి ముందే ఉంది, ఎవరూ వచ్చింది లేదు, చూసింది లేదు.

మళ్ళీ చేస్తే ఇంకో అమ్మాయి ఎత్తింది. ఫోటోలు మా సిస్టంలో కనపడటం లేదు సార్, వీడియో తీసి మెయిల్ చెయ్యండి అంది. వీడియో పెద్దదైందని మెయిలు వెనక్కి వచ్చింది. మా అబ్బాయి చేత చిన్నది చేయించి పంపాను, జవాబు లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ బండి మోడల్ ఏంది, ఎప్పుడు కొన్నారు, ఆర్డర్ నంబరు ఎంత అని మొదటి నుంచి మొదలు. పాత టికెట్ నంబరు చెబితే అది క్లోజ్ అయింది సార్, కొత్తది తెరుస్తాను అంటారు. తెరిచేదీ మీరే, మూసేదీ మీరే, మధ్యలో నేను చెప్పింది ఎవరికీ చేరదు. సూపర్‌వైజరు అని ఒకాయన దొరికాడు, బయటి మెకానిక్ చేత బిగించారు కాబట్టి వారంటీ రాదు, మా ఆథరైజ్డ్ సెంటర్లో చేయించుకోవాల్సింది అన్నాడు. ఎక్కడుందయ్యా అంటే చెన్నై అన్నాడు. కొనేటప్పుడు ఈ ముక్క మీ పేజీలో ఎక్కడా లేదు, నేను మళ్ళీ వెతికి చూశాను కూడా. అడ్డు చెబితే లైను హోల్డులో పెట్టాడు, పాట వస్తూ వస్తూ కట్టయిపోయింది.

అన్నిటికన్నా నన్ను మండించింది ఇంకొకటి ఉంది. మీ ఏజెంటు ఒకాయన, అంతవరకు బాక్సు తీసేసి వైర్లన్నీ డైరెక్టుగా బ్యాటరీకి ఇచ్చుకోండి సార్, ఏం కాదు అన్నాడు. ఏం కాదా? ఫ్యూజు ఉండేది వైరును కాపాడటానికి. అది లేని వైరు ఎక్కడో రేకుకు రాసుకుని, పైన తొడుగు పోయి బాడీకి తగిలితే, బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఆ సన్న వైరులోంచే పోతుంది. వైరు ఎర్రగా కాలి పక్కనున్నవన్నీ అంటుకుంటాయి, తాళం తీసేసినా ఆగదు. ఏ ప్రమాదం వద్దని మీ బాక్సు కొన్నానో, అదే చేసుకోమని మీ మనిషే చెబుతున్నాడు. నేను చెయ్యలేదు. ఇంకెవరన్నా అమాయకుడు ఆ మాట నమ్మి చేస్తే, రాత్రి హైవే మీద బండి అంటుకుంటే బాధ్యత ఎవరిది? ఆ కాల్ రికార్డు మీ దగ్గరే ఉంటుంది, తీసి వినండి. ఆ అబ్బాయి ఉద్యోగం తీయమని నేను అడగడం లేదు, ముందు వాళ్ళకు ఆ మాత్రం నేర్పించండి.

కొత్త బాక్సు పంపాలి, ఆ రాత్రి నుంచి పోయిన బాడుగల సంగతి కూడా మాట్లాడాలి. దానికన్నా ముందు, తెలుగు వచ్చి, వైరింగ్ తెలిసిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేసి నేను చెప్పేది మొత్తం వినాలి. ఆర్డర్ మీద ఉన్నది నా నంబరే.

ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు తేల్చాలని 2020 ఈ-కామర్స్ రూల్స్‌లో ఉంది. ఫిర్యాదులు చూసే మీ గ్రీవెన్స్ ఆఫీసరుకు రాసిన మెయిలుకు ఇంతవరకు అందిందన్న జవాబు కూడా రాలేదు. మీ ఆఫీసు బెంగళూరులో ఉంది కదా, వీడేం చేస్తాడులే అనుకోవద్దు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేను ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, నెల్లూరు వినియోగదారుల కమిషన్ నాకు రైల్లో పోయొచ్చే దూరం, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. వ్యాపారానికి కొన్నాడని తప్పించుకోవడానికీ లేదు, స్వయం ఉపాధి కోసం కొనుక్కున్నవాడు కూడా వినియోగదారుడే. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత కమిషన్‌కు వెళ్తాను. కాలిన బాక్సును కవర్లో కట్టి దాచాను, మీ మెసేజీలన్నీ ప్రింటు తీసి పెట్టాను. ఈ ఉత్తరానికి కూడా సమస్య పరిష్కరించబడింది అని మెసేజి పంపితే, దాన్ని కూడా అదే ఫైల్లో పెట్టి జడ్జి గారికి ఇస్తాను.

ఇట్లు,
కావలి నుంచి, ఇన్నాళ్ళూ మీ సరుకే కొన్న కస్టమరు