ఏమీ లేదని తేలిన రాత్రికే నా మొదటి దండం

మా పాప క్షేమంగా ఉంది, నేనూ కోలుకుంటున్నాను. ఫోన్లు చేసి అడిగిన వాళ్ళందరికీ ముందుగా ఈ మాట. కుట్ల నొప్పితో చాలామందితో సరిగ్గా మాట్లాడలేకపోయాను, ఏమీ అనుకోవద్దు. ఎవరెవరికి ఎంత రుణపడి ఉన్నానో విడివిడిగా చెప్పుకునే ఓపిక ఇంకా రాలేదు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. రాయొద్దని కొందరు అన్నారు, మిగతావాళ్ళని అడగలేదు.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ గారికి దండం పెట్టుకోమని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ అంటున్నారు. పెట్టుకున్నాను, బతికున్నంత కాలం పెట్టుకుంటాను. కానీ నా లెక్కలో మొదటి దండం అంతకు ముందు ఒక రాత్రికి చెందుతుంది. ఆ రాత్రి ఆస్పత్రిలో బిడ్డ బాగానే ఉందన్నారు, నాకు ఏమీ లేదని తేల్చారు. ఆ మాట చెప్పించుకోవడానికి ఎంతమంది నిద్ర మానుకున్నారో తెలిస్తేనే తర్వాతి సంగతి అర్థమవుతుంది.

మాది కోనసీమలో పి.గన్నవరం దగ్గర గోదారి లంక. పురిటికి పుట్టింటికి వచ్చాను, మా ఆయన కువైట్‌లో ఉన్నారు. ఆగస్టులో గోదారికి ఎర్రనీరు తగిలింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక వేసే సరికే మా కాజ్‌వే మునిగిపోయింది. లంకలో పుట్టినవాళ్ళకి ఇది కొత్త కాదు. పాల క్యాన్లు, గ్యాస్ బండలు, బడి పిల్లలు, అన్నీ పడవ మీదే. నెలలు నిండుతున్న వాళ్ళ జాబితా ఆశా కార్యకర్తల దగ్గర ఉంటుంది, నీరు ఇంకా పెరిగేలా ఉంటే ముందే గట్టు ఇవతలకి తీసుకొచ్చేస్తారు. రెండో హెచ్చరిక 13.75 అడుగులకి. అది పడితే తరలించాల్సిన వాళ్ళలో నా పేరూ ఉంది. అది పడలేదు.

పాపకి కడుపులోనే ఒక అలవాటు ఉండేది. రాత్రి అన్నం తిని నేను నడుం వాల్చగానే కుడి పక్కటెముకల కింద తన్నడం మొదలుపెట్టేది. అమ్మ చెయ్యి వేస్తే ఆగేది, చెయ్యి తీస్తే మళ్ళీ మొదలు. వీడియో కాల్‌లో మా ఆయన ఫోన్‌ని పొట్ట వైపు తిప్పమని, అది కదిలితే అక్కడ గదిలో ఉన్నవాళ్ళందరినీ పిలిచి చూపించేవారు. ఆ రోజు పొద్దున్నుంచీ ఒకటీ అరా మెత్తగా పొర్లినట్టు అనిపించిందే గానీ తన్నులు లేవు. రాత్రి తిని పడుకున్నాక కూడా ఉలుకూ పలుకూ లేదు.

నానమ్మ అంది, "తొమ్మిదో నెలొచ్చాక లోపల చోటుండదే, నెమ్మదిస్తుంది." పక్కింటి పిన్ని చల్లటి కొబ్బరినీళ్ళు తాగి చూడమంది. తాగాను, మాకు కొబ్బరినీళ్ళకేం కరువు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళ పెద్దవాళ్ళు చెప్పిందే నాకు చెప్పారు. నెలనెలా చూపించుకునే చోటికి ఫోన్ చేస్తే మాత్రం, ఎత్తిన అమ్మాయి నా మాట పూర్తిగా వినకుండానే రేపు ఓపీకి రమ్మంది. ఎక్కడో చెప్పను, ఆ ఊసు ఇక్కడితో వదిలేస్తున్నాను.

అప్పుడు మా ఆశా అక్కకి ఫోన్ చేశాను. ఆవిడ ఎన్ని తన్నులని అడగలేదు. "రోజూ ఉన్నట్టు ఉందా, తేడాగా ఉందా, అది చెప్పు" అంది. తేడాగానే ఉందక్కా అన్నాను. "అయితే బయల్దేరు. తెల్లారే దాకా ఆగకు." అంతే. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ప్రభుత్వ ఆస్పత్రుల్లో పరీక్షలు చేస్తారు కదా, అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ ఈ మాటే చెప్పేది. వినీ విననట్టు విన్నాననుకున్నాను గానీ మనసులో ఉండిపోయింది. తల్లీబిడ్డల కార్డు అట్ట మీద తన నంబరు పెద్ద అంకెలతో రాసి పెట్టింది కూడా ఆవిడే. మేం రేవుకి వెళ్ళేలోపు 108కి చెప్పి, ఆస్పత్రికి చెప్పి, పడవ బాబాయిని లేపేసింది.

వరదలో రాత్రిపూట పడవ కట్టడం అంటే ఎవరికైనా భయమే. బాబాయి ఒక్క మాట అనలేదు. లైఫ్ జాకెట్ నాకు తానే వేసి, కింది పట్టీ పొట్ట మీద బిగుసుకోకుండా పైకి లాగి కట్టాడు. ఏటి నడిమి వడి తగలకూడదని మునిగిన అరటితోటల మీదుగా పోనిచ్చాడు. అక్కడ అరటి పట్టలు ఇంజనుకి చుట్టుకుంటాయట, అందుకని ఇంజను ఆపేసి గడ వేసి తోశాడు. తమ్ముడు ముందు కూర్చుని టార్చి పట్టాడు. నీళ్ళలోంచి పైకి ఉన్న అరటాకులు పడవకి రాసుకుంటూ పోతుంటే అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు గీరుకుపోయింది. డబ్బులిస్తే బాబాయి తీసుకోలేదు. "దిగేటప్పుడు బల్ల జారుతుంది, చూసుకో అమ్మాయ్, ఆయ్" అన్నాడు, అంతే.

గట్టు మీద 108 వచ్చి ఉంది. అందులో ఉన్న అబ్బాయి నన్ను ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడుతుందట, తల్లికీ బిడ్డకీ రక్తం సరిగ్గా అందదట. అంబాజీపేట మీదుగా అమలాపురం ప్రభుత్వ ఆస్పత్రికి చేరాం.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ గురించి ఎంత రాసినా తక్కువే. పొట్ట మీద జెల్ రాసి రెండు పట్టీలు కట్టారు. ఒకటి బిడ్డ గుండె చప్పుడు పట్టడానికి, రెండోది గర్భసంచి బిగుసుకోవడం చూడటానికి. చేతికి ఒక బటన్ ఇచ్చి, కదిలినప్పుడల్లా నొక్కమన్నారు. దాన్ని ఎన్‌ఎస్‌టీ అంటారు. మిషన్‌లోంచి గుర్రం పరుగు లాంటి చప్పుడు వచ్చింది, అమ్మ అక్కడే గోడకి చేరబడి ఏడ్చేసింది. కాగితం మీద గీత వస్తుంటే సిస్టర్ వేలు పెట్టి చూపించారు. బిడ్డ గుండె మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకుంటుంది, కదిలినప్పుడు కనీసం ఇంకో 15 పైకి లేచి, కనీసం 15 సెకన్లు నిలిచి దిగాలి. 20 నిమిషాల్లో అలా రెండుసార్లు లేస్తే మంచిది. బిడ్డ నిద్రలో ఉంటే లేవకపోవచ్చు, అందుకని 40 నిమిషాల దాకా చూస్తారు. మాది మొదట లేవలేదు. తర్వాత లేచింది.

బాగానే ఉందన్నారు. నాకు సంతోషం కంటే ముందు సిగ్గేసింది. ఇంతమందిని నిద్ర లేపి ఏటికి అడ్డం పడి వచ్చానే అని. ఆ మాటే పైకి అన్నాను. సిస్టర్ పట్టీలు విప్పుతూ, "ఏమీ లేదని తేల్చడానికేనమ్మా ఈ మిషన్ ఇక్కడుంది" అన్నారు. తర్వాత నా పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని చెప్పారు.

ఆవిడ చెప్పినవి నాకు గుర్తున్నంత వరకు రాస్తాను, మన ఆడపిల్లలకి పనికొస్తాయి. నెలలు నిండాక కదలికల తీరు మారొచ్చు, తన్నడం కంటే పొర్లడం, ఒత్తుకోవడం ఎక్కువ అనిపించొచ్చు. కానీ కదలికలు తగ్గకూడదు. చోటు లేక తగ్గుతాయన్నది తప్పు. అందరికీ ఒకే లెక్క ఉండదు, మన బిడ్డ అలవాటు మనకి తెలియాలి. అనుమానంగా ఉంటే ఎడమ పక్కకి పడుకుని, టీవీ, ఫోన్ పక్కన పెట్టి, మనసు అక్కడే పెట్టి గమనించాలి. రెండు గంటల్లో పది కూడా లేకపోతే రావాలి. తేడా ఉందని ముందే గట్టిగా అనిపిస్తే ఆ రెండు గంటలు కూడా ఆగక్కర్లేదు. తీపి తిని, చల్లటివి తాగి చూస్తూ కూర్చోవద్దు. మా తమ్ముడు ఆన్‌లైన్‌లో గుండె చప్పుడు వినే చిన్న మిషన్ చూసి కొందామన్నాడు. వద్దే వద్దన్నారు. అందులో తల్లి నాడి వినిపించినా బిడ్డదే అనుకుంటాం, ఒకవేళ బిడ్డదే అయినా గుండె కొట్టుకుంటున్నంత మాత్రాన బిడ్డ బాగున్నట్టు కాదు.

చివరగా, "ఇలా వచ్చిన వాళ్ళలో చాలామందికి ఏమీ ఉండదు. అయినా మళ్ళీ తగ్గితే మళ్ళీ రావాలి. మొన్నే చూశారుగా అని ఊరుకోకు" అన్నారు.

పొద్దున స్కాన్ చేశారు. ఉమ్మనీరు సరిపోతుందన్నారు, బిడ్డ బరువు కాస్త తక్కువ వైపు ఉందన్నారు. కంగారేం లేదు గానీ వరద తీసే వరకు లంకకి వెళ్ళొద్దన్నారు డాక్టరమ్మ గారు. ఇక్కడ ఇంకో దండం. అంబాజీపేటలో అమ్మ తరఫు దూరపు చుట్టం ఒక అత్తయ్య ఉన్నారు, పెళ్ళిళ్ళలో పలకరించుకోవడమే తప్ప ఎప్పుడూ వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా తాగి ఎరగం. కింది గది ఖాళీ చేసి ఇచ్చారు. మెట్లు ఎక్కకూడదని వాళ్ళు పైకి మారారు. మావయ్య గారికి మోకాళ్ళ నొప్పులు, అయినా.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పాప మళ్ళీ నెమ్మదించింది. ఈసారి సిగ్గుపడలేదు, ఎవరినీ సలహా అడగలేదు. చెప్పులు వేసుకుని అత్తయ్యా ఆటో పిలవండి అన్నాను. ఏరు దాటక్కర్లేదు, పడవ కోసం చూడక్కర్లేదు. ఆ ఆటో అన్నకీ కృతజ్ఞతలు, గోతి కనిపించిన చోటల్లా ఆపి మరీ నడిపాడు.

ఈసారి గీత లేవలేదు. ఎంతసేపు చూసినా చదునుగా పోయింది, మధ్యలో ఒకచోట కిందికి జారింది. స్కాన్‌లో ఉమ్మనీరు బాగా తగ్గింది. డాక్టరమ్మ గారు మంచం పక్కకి వచ్చి నెమ్మదిగా చెప్పారు. మాయ నుంచి బిడ్డకి అందాల్సినంత అందడం లేదు, అందింది గుండెకీ మెదడుకీ మిగుల్చుకోవడానికి బిడ్డ కదలడం తగ్గించుకుంటుంది, 37 వారాలు నిండాయి కాబట్టి ఇక లోపల ఉంచడం కంటే బయటికి తీయడమే మేలు. ఇంకా ఆలస్యమైతే ఏమయ్యేదో నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. అమ్మ కాగితం మీద సంతకం పెడుతుంటే కువైట్ నుంచి మా ఆయన లైన్‌లోనే ఉన్నారు.

2.2 కిలోలు. పుట్టగానే ఏడ్చింది. బరువు తక్కువని పసిపిల్లల వార్డులో ఉంచారు, అక్కడి సిస్టర్లు నా చీర కొంగు కింద పాపని ఒంటికి ఆనించి పడుకోబెట్టడం నేర్పించారు. రక్తం అవసరం పడొచ్చని తెలిసి లంక కుర్రాళ్ళు పడవ వేసుకుని వచ్చి వరండాలో కూర్చున్నారు. అవసరం పడలేదు. క్యాంటీన్‌లో ఇడ్లీలు తిని వెళ్ళారు, బిల్లు కూడా వాళ్ళే కట్టుకున్నారు. మందులకీ ఆపరేషన్‌కీ మేం పైసా కట్టలేదు. తల్లీబిడ్డ వాహనంలో గట్టు దాకా దింపారు, అక్కణ్ణుంచి మళ్ళీ బాబాయి పడవే.

డిశ్చార్జి రోజున మొదటి రాత్రి సిస్టర్ కోసం అడిగాను. ఆవిడ అక్కడ కొన్నాళ్ళకే వచ్చారట, వేరే చోటికి వెళ్ళిపోయారన్నారు. పేరు అడిగి తెలుసుకున్నాను గానీ అనుమతి లేకుండా ఇక్కడ రాయను. కొంచెం పొడవు మనిషి, కాగితం మీద గీత చూపించేటప్పుడు పెన్ను వాడరు, వేలితోనే చూపిస్తారు. కాకినాడ వైపో రాజమండ్రి వైపో ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఆవిడని గుర్తుపడితే ఈ రాసింది చూపించండి. పాప ఫొటో పంపాలి. మూడో నెలలో బారసాల పెట్టుకుంటున్నాం, ఆవిడ వస్తానంటే రేవు దగ్గరికి తమ్ముణ్ణి పంపిస్తాను.