అర వాట్‌ని చిన్నచూపు చూడకండి

సంపాదకులు గారికి,

మొన్న ఆదివారం మీ అనుబంధంలో ఇంట్లోనే సొంత ఎఫ్‌ఎం స్టేషన్ పెట్టుకోవడం ఎలాగో ఒక చిన్న వ్యాసం వేశారు. ట్రాన్స్‌మిటర్ బోర్డు ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది, ఏరియల్ ఎంత పొడుగుండాలి, అన్నీ రాశారు గానీ అసలు అది పెట్టుకోవచ్చా, పెడితే ఏమవుతుంది అన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసి ఇల్లు నడుపుకున్నవాణ్ని, చెన్నైలో రిచీ స్ట్రీట్ దుకాణాల్లో సగం జీవితం గడిచినవాణ్ని. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ట్రాన్స్‌మిటర్ అనగానే అన్నీ ఒకే గాటన కట్టకూడదు. ఫోన్‌లో పాట కారు రేడియోలో వినడానికి సాకెట్‌లో గుచ్చుకునే బుల్లిది ఒక రకం, మేడ మీద ఏరియల్ కట్టి వీధంతా వినిపించేది ఇంకో రకం. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో చాలా దేశాలు అంకెల్లో చెప్పేశాయి. బ్రిటన్ 2006 డిసెంబర్ నుంచి 50 నానోవాట్ల (నానోవాట్ అంటే వాట్‌లో వంద కోట్లో వంతు) లోపు ఉన్నవాటికి లైసెన్స్ అక్కర్లేదంది. అమెరికాలో కొలత ఇంకోలా ఉంటుంది, పెట్టె మీద రాసిన వాట్లు చూడరు, పెట్టెకు 3 మీటర్ల దూరంలో సిగ్నల్ బలం మీటరుకు 250 మైక్రోవోల్ట్‌లు దాటకూడదంటారు. ఆ లెక్కన అది ఒక 200 అడుగుల దాకా వినబడితే గొప్ప. నన్నడిగితే ఇదే సరైన పద్ధతి, ఎందుకంటే అదే బోర్డుకు జానెడు తీగ కడితే ఒక రకంగా, మేడ మీద సరిగ్గా కొలిచి కట్టిన ఏరియల్ తగిలిస్తే ఇంకో రకంగా పోతుంది, పెట్టె మీద అంకె మాత్రం మారదు.

ఇప్పుడు మీ వ్యాసంలోని ‘చిన్న అర వాట్ బోర్డు’ సంగతికి వద్దాం. 50 నానోవాట్లతో పోలిస్తే అర వాట్ అంటే కోటి రెట్లు. నేను తప్పు రాయలేదు, కోటే. బజార్లో 7 వాట్లవి కూడా దొరుకుతున్నాయి, అవైతే 14 కోట్ల రెట్లు. బల్బు లెక్కలో చూసి అర వాటే కదా అనుకుంటారు జనం, రేడియోకి ఆ లెక్క పనికిరాదు.

మా పక్క వీధి అపార్ట్‌మెంట్‌లో ఒక ధనుర్మాసంలో ఇదే జరిగింది. పెద్దవాళ్లు తెల్లవారుజామున చలిలో గుడిదాకా నడవలేకపోతున్నారని, తిరుప్పావై ప్రవచనం ఇంట్లోనే చిన్న రేడియోల్లో వింటారని ఒక కుర్రాడు మేడ మీద కిట్ పెట్టాడు. ఉద్దేశం బంగారం. కానీ స్టేషన్ ఎక్కడ పలకాలో తేల్చే కాయిల్ పెన్ను రీఫిల్‌కి చుట్టిన రాగి తీగ, దానికి చెయ్యి దగ్గరగా పెడితే చాలు స్టేషన్ జరిగిపోయేది, ఇక మన మద్రాసు ఎండకి పొద్దున ఒకచోట ఉన్నది మధ్యాహ్నానికి ఎక్కడికో పోయేది, ఎలా పోయిందో పోయి ఆకాశవాణి 101.4 మీద కూర్చుంది. కింద టీకొట్టాయన రేడియో పాడైందని నా దగ్గరికే తెచ్చాడు, తెరిచి చూస్తే దాంట్లో ఏ జబ్బూ లేదు. కుర్రాణ్ని అడిగితే, “అంకుల్, ఒక్క వాట్ కూడా లేదు, దానికేమవుతుంది?” అన్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లాడండీ. చెప్పగానే పాపం దించేశాడనుకోండి.

టీకొట్టు రేడియో పోతే పోయింది, అసలు టెన్షన్ అది కాదు. ఎఫ్‌ఎం బ్యాండ్ 108 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. దాన్ని ఆనుకునే విమానాలవి మొదలవుతాయి, రన్‌వేకి సూటిగా దారి చూపే లోకలైజర్ 108కీ 112కీ మధ్య పనిచేస్తుంది, 118 నుంచి పైలట్లూ కంట్రోల్ టవరూ మాట్లాడుకునేవి. ఫిల్టర్ లేని చవక బోర్డు మీరు పెట్టినచోట మాత్రమే పలకదు, దాని రెట్టింపు దగ్గరా మూడింతల దగ్గరా కూడా పలుకుతుంది, ఒక్కోసారి పక్కకి కూడా చిమ్ముతుంది. రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ బోర్డుకు ఒక తీగ తగిలించి ఎఫ్‌ఎం చేస్తున్న కాలేజీ పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, దాన్నుంచి వచ్చేది చదరపు తరంగం, 100 దగ్గర పెడితే 300 దగ్గర కూడా గట్టిగానే ఉంటుంది. పల్లావరం, పరంగిమలై వైపు ఇళ్ల మీదుగా విమానాలు ఎంత కిందుగా దిగుతాయో ఆ పక్క ఉన్నవాళ్లని వేరే అడగక్కర్లేదు.

ఇక చట్టం. మన దగ్గర ఇది చలానా కట్టి బయటపడే వ్యవహారం కాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రసారం చేసే హక్కు ప్రభుత్వానిదే అంది. 1933 వైర్‌లెస్ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, లైసెన్స్ లేకుండా వైర్‌లెస్ పరికరం ఇంట్లో ఉంచుకోవడమే నేరమంది, ట్రాన్స్‌మిటరైతే మూడేళ్ల దాకా జైలు. వినడానికి కూడా లైసెన్స్ ఉన్న రోజులు మా తరానికి గుర్తే, 1980ల దాకా పోస్టాఫీసుకెళ్లి రేడియో పుస్తకంలో స్టాంపు అంటించుకునేవాళ్లం. ఇప్పుడు ఆ పాత చట్టాల స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది, 2024 జూన్ నుంచి ఒక్కో భాగం అమల్లోకి తెస్తున్నారు. అందులోనూ రేడియో పరికరం దగ్గర పెట్టుకోవాలంటే అనుమతి కావాలనే ఉంది. అనుమతి లేకుండా నెట్‌వర్క్ నడిపితే మూడేళ్ల దాకా జైలు, లేదా 2 కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. హామ్ లైసెన్స్, అంటే సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్లకిచ్చే లైసెన్స్, ఉంది కదా అనేవాళ్లకి కూడా ఒక మాట, ఆ లైసెన్స్ సాటి హామ్‌లతో మాట్లాడుకోవడానికి, పాటలూ ప్రవచనాలూ జనానికి వినిపించడానికి కాదు, దాని బ్యాండ్లు కూడా వేరు.

అంత కఠినమైన చట్టం ఉన్న దేశంలో ఈ బోర్డులు బుట్టల్లో పోసి అమ్ముతున్నారు! ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే రెండు రోజుల్లో గుమ్మం ముందుంటుంది. డబ్బా మీద దూరం కిలోమీటర్లలో గొప్పగా వేస్తారు, అనుమతి గురించి మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో కూడా ఉండదు. రిచీ స్ట్రీట్‌లో ఒకాయన్ని నిలబెట్టి అడిగాను. “మేము అమ్ముతాం సార్, వాడేది వాళ్లిష్టం” అన్నాడు నవ్వుతూ. పట్టుబడితే ఇరుక్కునేది కొన్న పిల్లాడే.

వాకీటాకీల విషయంలో ఇలా వదిలేయలేదు. 2018 నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే చిన్న వాకీటాకీలకు లైసెన్స్ అక్కర్లేదు, మిగతావాటికి కావాలి, కానీ ఆన్‌లైన్‌లో ఏది ఏదో చెప్పకుండా అమ్మేవాళ్లు. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసులిచ్చి, తర్వాత మార్గదర్శకాలు తెచ్చింది, ఏ ఫ్రీక్వెన్సీ, లైసెన్స్ కావాలా, పరికరానికి ఆమోదం ఉందా అన్నది అమ్మేచోటే చూపాలని. ఆ మార్గదర్శకాలు వాకీటాకీలకే కాదు, మొత్తం రేడియో పరికరాలకు అని పేరులోనే ఉంది. మరి ఎఫ్‌ఎం బోర్డు రేడియో పరికరం కాదా?

అలాగని పిల్లల సరదా మీద నీళ్లు చల్లమని నేననను. ఈ దేశంలో రేడియో మొదలైందే సరదాగాళ్లతో, వాళ్లలో మన మద్రాసువాళ్లూ ఉన్నారు. 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి గారూ ఆయన మిత్రులూ మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పెట్టి, ఆ జూలై 31 నుంచి 40 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారాలు చేశారు, అప్పటికి ఆకాశవాణి ఎక్కడుంది? మొదటి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో కూడా ఇక్కడే, 2004 ఫిబ్రవరి 1న అన్నా యూనివర్సిటీలో పుట్టింది. జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారున్న సుప్రీంకోర్టు బెంచి 1995లోనే తేల్చేసింది, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని. ప్రజల ఆస్తి కాబట్టే ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు వాడుకోవడం కుదరదు కూడా, ఆ తీర్పులో రెండు మాటలూ ఉన్నాయి.

2006 నవంబర్ నుంచి స్వచ్ఛంద సంస్థలు కూడా కమ్యూనిటీ రేడియోకి దరఖాస్తు చేసుకోవచ్చు, 100 వాట్ల శక్తి, 30 మీటర్ల ఎత్తు దాటని ఏరియల్, ఓ పది పదిహేను కిలోమీటర్లు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడిపింది ఈ దారిలోనే. కానీ ఒక మనిషి తన పేరు మీద అడిగితే ఇవ్వరు. బిహార్‌లో మన్సూర్‌పూర్ అనే ఊళ్లో ఒక రిపేరు షాపు కుర్రాడు చవక కిట్‌తో ఊరికి స్టేషన్ నడిపితే 2006లో మూయించారు. మూయించడం తప్పని నేననలేను, అయినా నాలాంటి మెకానిక్‌కి అది చదివితే ప్రాణం ఉసూరుమంది.

కొత్త చట్టంలో ప్రజల మేలు కోసం అనుమతి నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉంది. దాన్ని వాడి, ఎఫ్‌ఎం బ్యాండ్‌లో గది దాటని శక్తి ఎంతో, బ్రిటన్‌లా 50 నానోవాట్లో ఇంకొకటో, మామూలు మనిషికి అర్థమయ్యేలా ఒక అంకె చాటించాలి. గెజిట్ పట్టికలో పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు, డబ్బా మీద తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో ఉండాలి, ఆ అంకె దాటిన బోర్డు అమ్మేవాడు కొనేవాడి లైసెన్స్ చూసి అమ్మాలి. కాలేజీ ల్యాబుల్లో ఏరియల్‌కి బదులు డమ్మీ లోడ్, అంటే సిగ్నల్‌ని వేడిగా మార్చేసే రెసిస్టర్, పెట్టి నేర్పితే పిల్లలకి పనీ వస్తుంది, బయటికి సిగ్నలూ పోదు.

మీరు కూడా వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, అనుమతి సంగతి వేయండి. ఆ వ్యాసం చూసి బోర్డు కొనుక్కొచ్చిన పిల్లలు ఇప్పటికే ఇద్దరు నా దగ్గరికొచ్చి ఏరియల్ కట్టిపెట్టమని అడిగారు.

ఇట్లు,
ఒక పాత రేడియో మెకానిక్,
పెరంబూరు, చెన్నై