కూలే క్షణంలో లాక్ కోసం ఆగకూడదు

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్లు ఉన్నట్టుండి కుప్పకూలడంపై మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. కూలడానికి కారణాలు వివరంగా రాశారు కానీ, కూలుతున్నప్పుడు డ్రైవర్లు, అంటే పరికరాలను నడిపే ప్రోగ్రాములు, ఎలా నడుచుకోవాలన్న విషయం అందులో రాలేదు. డ్రైవర్లు రాయడమే వృత్తిగా ఉన్నవాడిగా ఆ సంగతి చెప్పాలనిపించింది.

లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) పానిక్ అయినప్పుడు, అంటే కోలుకోలేని తప్పు వల్ల ఆగిపోతున్నప్పుడు, ఆ పని చూస్తున్న ప్రాసెసర్ కోర్ మిగతా కోర్లన్నిటినీ ఆపేస్తుంది. అలా ఆగిన కోర్లలో ఏదో ఒకటి అప్పటికే సీరియల్ పోర్టు (సందేశాలు బయటికి పంపే దారి) లాక్, అంటే ఒక్కసారికి ఒక్కరే వాడేలా చూసే తాళం, పట్టుకొని ఉంటే, దాన్ని వదిలేవారు ఇక ఉండరు. చివరి సందేశం ముద్రించవలసిన కోర్ ఆ లాక్ కోసం ఎదురుచూస్తూనే ఉండిపోతుంది. ఒక్కోసారి రెండో కోర్ కూడా అక్కర్లేదు. లాక్ పట్టుకున్న కోడ్‌లోనే తప్పు జరిగితే, తన చేతిలో ఉన్నదాని కోసం ఆ కోర్ తానే ఎదురుచూస్తుంది.

ఒక బోర్డు మీద మాకు సరిగ్గా ఇదే ఎదురైంది. పానిక్ సందేశం మొదటి పంక్తి మధ్యలోనే ఆగిపోయేది, స్టాక్ ట్రేస్ (తప్పు దాకా నడిచిన ఫంక్షన్ల జాబితా) ఒక్క పంక్తి కూడా వచ్చేది కాదు. మెమరీ చిప్‌నే అనుమానిస్తూ చాలా రోజులు పోగొట్టుకున్నాం. మా డ్రైవర్ ముద్రణ ఫంక్షన్‌లో లాక్ బదులు, దొరక్కపోతే ఆగకుండా ముందుకు సాగే ట్రైలాక్ పెట్టిన తర్వాతి క్రాష్‌లోనే, నల్ పాయింటర్ (ఎక్కడికీ చూపని చిరునామా) వాడిన ఫంక్షన్ పేరుతో సహా తెర మీద కనిపించింది.

లినక్స్‌లోని 8250 సీరియల్ డ్రైవర్ చాలాకాలంగా ఈ పద్ధతే పాటిస్తోంది: ఊప్స్ (కెర్నెల్ తప్పు నివేదిక) నడుస్తున్నప్పుడు లాక్ దొరకకపోయినా అక్షరాలు పంపేస్తుంది. అవి కలగాపులగమైనా చదివి అర్థం చేసుకోవచ్చు. డిస్క్ విషయంలో మాత్రం ఈ తెగింపు పనికిరాదు, ఎందుకంటే సగంలో ఉన్న రాతపై మరో రాత పడితే వాడుకరుల డేటా పాడవుతుంది. అందుకే లినక్స్‌లోని కేడంప్ అనే ఏర్పాటు ముందే కేటాయించిన మెమరీలో రెండో కెర్నెల్‌ను లేపి, డంప్ (కూలినప్పటి మెమరీ నకలు) తీసే పనిని దానికి అప్పగిస్తుంది. విండోస్ కూడా బగ్‌చెక్ కాల్‌బ్యాక్‌లలో (కూలేటప్పుడు పిలిచే డ్రైవర్ ఫంక్షన్లలో) లాకులను, మెమరీ కేటాయింపును నిషేధించింది.

డ్రైవర్లు తయారుచేసే సంస్థలకు నా విన్నపం ఒకటే. ఖాళీగా ఉన్న యంత్రాన్ని సిస్‌ఆర్‌క్యూ అనే కెర్నెల్ ఆదేశంతో కూల్చి, డంప్ వచ్చింది కదా అని సంతృప్తి పడకండి. అప్పుడు లాకులన్నీ దాదాపు ఖాళీగానే ఉంటాయి. పరికరం నిండా పనిలో ఉండగా, ఇంటరప్ట్ హ్యాండ్లర్ (పరికరం పిలుపుకు స్పందించే కోడ్) లోపల కూల్చి చూడండి. అందుకు కావలసిన, కావాలని కూల్చి పరీక్షించే ఎల్‌కేడీటీఎం మాడ్యూల్ కెర్నెల్‌లోనే ఉంది.

భవదీయుడు,
ఒక డ్రైవర్ ఇంజనీరు